మాడ్యూళ్లు వాటంతట అవే ఎక్కాలా? లినక్స్ కెర్నల్ ఆటోలోడ్‌కు పగ్గం వేసే పద్ధతి

మిర్యాలగూడ రైస్ మిల్లులో ధర్మకాంటా పక్కన పెట్టిన కంప్యూటర్‌కు పనులు రెండే. కాంటా ఇండికేటర్ నుంచి తూకం చదవాలి, చిట్టీ ప్రింటు తీయాలి. ఎస్‌సీటీపీ, ఆర్‌డీఎస్, టిప్క్ లాంటి నెట్‌వర్క్ ప్రొటోకాల్స్‌తో దానికి ఏనాడూ అవసరం పడదు. అయినా ఆ మిషన్‌లో లాగిన్ అయిన మామూలు యూజర్ ఎవరైనా, రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ తెలియకుండానే, ఆ ప్రొటోకాల్ కోడ్‌ను కెర్నల్‌లోకి, అంటే లినక్స్ గుండెలాంటి భాగంలోకి, ఎక్కించగలడు. ఫలానా రకం సాకెట్ (నెట్‌వర్క్ మాటలకు తెరిచే కొన) కావాలని అడిగితే చాలు, డిస్క్ మీద ఉన్న మాడ్యూల్‌ను, అంటే అవసరమైతే కెర్నల్‌లో చేరే కోడ్ ముక్కను, వెతికి తెచ్చుకునే పని కెర్నలే చేస్తుంది.

ఈ ఆటోలోడ్ ఉండాలా వద్దా అన్నది మిషన్ యజమాని చేతిలో ఉండాలన్నది మా అభిప్రాయం. రోజుకో కొత్త పరికరం తగిలించే సొంత ల్యాప్‌టాప్‌లో దాన్ని పూర్తిగా ఆపేస్తే తలనొప్పి తప్ప లాభం తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీ ల్యాబుల్లో పదిమంది వాడే మిషన్, జిరాక్స్ సెంటర్ కౌంటర్ మీది మిషన్, కాంటా మిషన్, నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్ సంగతి వేరు. వీటి పని ముందే తెలుసు, కాబట్టి కావలసిన మాడ్యూళ్లు కూడా ముందే తెలుస్తాయి. అవి ఎక్కాక తలుపు మూసేయడమే మంచిది.

ఒక మాట: ఆజ్ఞలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాశాం. టైపు చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, అంకెలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. మాడ్యూళ్ల పేర్ల మధ్య హైఫన్ పెట్టినా అండర్‌స్కోర్ పెట్టినా మాడ్యూళ్లను ఎక్కించే మాడ్‌ప్రోబ్ ఆజ్ఞకు ఒకటే.

ఎక్కించే దారులు రెండు

ఇది అర్థం కాకుండా కింద చెప్పేవి చేస్తే ఒక దారి మూసి ఇంకోటి తెరిచి పెట్టుకుంటారు.

మొదటిది హార్డ్‌వేర్ దారి. మీరు యూఎస్‌బీ పరికరం తగిలిస్తే కెర్నల్ దాని గుర్తింపును మోడ్‌ఎలియాస్ అనే వరుసగా బయటికి పంపుతుంది. యూడెవ్ (పరికరాలను గమనించే సేవ) దాన్ని అందుకుని, /లిబ్/మాడ్యూల్స్ కింద నడుస్తున్న కెర్నల్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని మాడ్యూల్స్.ఎలియాస్ పట్టికతో సరిపోల్చి, తగిన డ్రైవర్‌ను ఎక్కిస్తుంది. ఇక్కడ మనిషి వచ్చి చేత్తో ఏదో తగిలించాలి.

రెండోది కోరిక దారి. ఎవరో సాకెట్ అడుగుతారు, ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయబోతారు, ఫైర్‌వాల్‌కు కొత్త నియమం రాస్తారు, టెర్మినల్‌కు కొత్త లైన్ డిసిప్లిన్ (ఆ లైన్ మీద వచ్చే అక్షరాలను ఎలా తీసుకోవాలో చెప్పే కోడ్) పెడతారు. ఆ పనికి కావలసిన కోడ్ లేదని కెర్నల్ గమనించి రిక్వెస్ట్‌మాడ్యూల్ అనే తన లోపలి ఫంక్షన్ ద్వారా /ఎస్‌బిన్/మాడ్‌ప్రోబ్‌ను రూట్ హోదాలో నడుపుతుంది. ఏ ప్రోగ్రామ్ నడపాలో /ప్రాక్/సిస్/కెర్నల్/మాడ్‌ప్రోబ్ అనే ఫైల్‌లో ఉంటుంది. ఇక్కడ చేత్తో ముట్టుకునే పనే లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్న విద్యార్థి అయినా, వెబ్‌సైట్ లోపం వాడి చొరబడ్డ వాడైనా అడగగలడు.

అసలు భయం రెండో దారితోనే. 2017లో బయటపడ్డ సీవీఈ-2017-6074 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే నంబరు) డీసీసీపీ ప్రొటోకాల్‌లోని తప్పు. అది 2005 నుంచి కోడ్‌లో ఉంది. అదే ఏడాది బయటపడ్డ సీవీఈ-2017-2636 ఎన్_హెచ్‌డీఎల్‌సీ అనే సీరియల్ లైన్ డిసిప్లిన్‌లోది, 2009 నాటిది. 2010లో ఆర్‌డీఎస్‌లో సీవీఈ-2010-3904 దొరికింది. మూడింటితోనూ మామూలు యూజర్ రూట్ కావచ్చు. మూడూ నూటికి తొంభై మంది పేరైనా వినని మాడ్యూళ్లే. తక్కువమంది వాడే కోడ్‌ను చూసేవాళ్లూ తక్కువే, అందుకే తప్పులు అంతకాలం పడి ఉంటాయి.

ఎన్_హెచ్‌డీఎల్‌సీ లాంటి వాటి తర్వాత కెర్నల్ వాళ్లు లైన్ డిసిప్లిన్ల వరకు స్విచ్ ఇచ్చారు. కెర్నల్ 5.1 నుంచి డెవ్.టీటీవై.ఎల్‌డిస్క్_ఆటోలోడ్ విలువను 0 చేస్తే మాడ్యూళ్లు ఎక్కించే అధికారం లేని యూజర్ అడిగినా అవి ఎక్కవు. అన్ని రకాల ఆటోలోడ్‌కూ ఇలాంటి మూడు మెట్ల స్విచ్ పెడదామని 2017లో ప్యాచ్‌లు వచ్చాయి కానీ అసలు కెర్నల్‌లో చేరలేదు. మొదటి నుంచీ ఆన్‌లో పెడితే నడుస్తున్న మిషన్లు ఆగిపోతాయి, ఆఫ్‌లో పెడితే ఎవరూ వేసుకోరు అన్నది అప్పటి చిక్కు. ఆ వాదనలో పస ఉంది. అయితే ఉన్న పనిముట్లతోనే మన మిషన్ వరకు మనం స్విచ్ తయారు చేసుకోవచ్చు.

ముందు మీ మిషన్ ఏం అడుగుతోందో పట్టుకోండి

తాళం వేసేముందు ఒక పరీక్ష చేయండి. మామూలు యూజర్‌గా పైథాన్ 3 తెరిచి, సాకెట్ లైబ్రరీ తెచ్చుకుని, ఏఎఫ్_ఐనెట్, సాక్_స్ట్రీమ్ (ఈ రెండూ మాత్రం పెద్ద అక్షరాల్లో) తర్వాత మూడో విలువగా 132 ఇచ్చి సాకెట్ తెరవండి. 132 అంటే ఎస్‌సీటీపీ నంబరు. తర్వాత ఎక్కి ఉన్న మాడ్యూళ్లను చూపే ఎల్‌ఎస్‌మాడ్ కొట్టి జాబితాలో ఎస్‌సీటీపీ కనిపిస్తే ఆటోలోడ్ తెరిచి ఉన్నట్టు. ‘ప్రొటోకాల్ నాట్ సపోర్టెడ్’ అని వస్తే ఆ మాడ్యూల్ లేదు లేదా ముందే ఆపి ఉంది. రెడ్‌హ్యాట్ 8 నుంచి ఇలాంటి అరుదైన మాడ్యూళ్లను కెర్నల్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే వేరే ప్యాకేజీలో పెట్టారు. ఉబుంటు కొన్ని పాత ప్రొటోకాల్స్‌ను బ్లాక్‌లిస్ట్-రేర్-నెట్‌వర్క్.కాన్ఫ్ అనే ఫైల్‌తో ముందే ఆపి ఇస్తుంది.

ఇక కాపలా స్క్రిప్ట్. /యూఎస్‌ఆర్/లోకల్/ఎస్‌బిన్/మాడ్‌లాగ్ పేరుతో మూడు వరుసల ఫైల్ రాయండి. మొదటి వరుస మామూలుగా /బిన్/ఎస్‌హెచ్‌ను పిలిచేది. రెండో వరుసలో లాగర్ ఆజ్ఞకు -టీ మాడ్‌లాగ్ అని పేరు ఇచ్చి, తర్వాత విడిగా రెండు హైఫన్లు (--) పెట్టి, స్క్రిప్ట్‌కు అందిన వాదాలన్నీ (ఆర్గ్యుమెంట్లు), అంటే కోట్ గుర్తుల మధ్య డాలర్, ఎట్ గుర్తు, రాయించండి. మూడో వరుసలో ఎగ్జెక్ /ఎస్‌బిన్/మాడ్‌ప్రోబ్‌కు అవే వాదాలు. సీహెచ్‌మాడ్ 755 చేసి, రూట్‌గా ఆ స్క్రిప్ట్ దారిని /ప్రాక్/సిస్/కెర్నల్/మాడ్‌ప్రోబ్‌లో రాయండి. ఈ స్క్రిప్ట్ రూట్ హోదాలో నడుస్తుంది కాబట్టి ఎవరైనా రాయగలిగే /టీఎంపీ లాంటి చోట పెట్టారో, ఉన్న కన్నం కంటే పెద్ద కన్నం మీరే చేసినట్టు.

ఆ తర్వాత జర్నల్‌సీటీఎల్ -టీ మాడ్‌లాగ్ కొడితే కోరికలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఎఫ్‌ఎస్-వీఫ్యాట్ అంటే ఎవరో పెన్‌డ్రైవ్ మౌంట్ చేశారు. ఎన్‌ఎల్‌ఎస్ అని మొదలైతే ఆ ఫైల్‌సిస్టమ్ పేర్ల లిపి పట్టిక. నెట్-పీఎఫ్-31 బ్లూటూత్, నెట్-పీఎఫ్-38 కెర్నల్ క్రిప్టో సాకెట్. క్రిప్టో అని మొదలయ్యే వాటిలో చాలా వాటికి అసలు మాడ్యూలే ఉండదు, కెర్నల్ ఊరికే అడిగి చూస్తుంది. వాటి గురించి కంగారు వద్దు.

లాగ్‌ను ఎన్ని రోజులు ఉంచాలన్నది క్యాలెండర్ చూసి చెప్పలేం. ఆ మిషన్ చేసే ప్రతి పనీ ఒక్కసారైనా జరగాలి. నెలాఖరు లెక్కల బ్యాకప్, వీపీఎన్, బ్రాడ్‌బ్యాండ్ పోయినప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి నెట్ తీసుకోవడం, కరెంటు పోయి యూపీఎస్ మీద నడవడం, అన్నీ. హార్డ్‌వేర్ దారిలో వచ్చేవి ఈ లాగ్‌లో పడవు, అందుకే ఈ పనులన్నీ అయ్యాక ఎల్‌ఎస్‌మాడ్ ఫలితాన్ని ఒక ఫైల్‌లో దాచుకోండి. మీకు కావలసిన అసలు జాబితా అదే.

మొదటి మెట్టు: అక్కరలేనివి పేరుపేరునా ఆపడం

ఇది ల్యాప్‌టాప్‌తో సహా ఏ మిషన్‌లోనైనా చేయవచ్చు. /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ/ కింద అరుదు.కాన్ఫ్ లాంటి ఒక ఫైల్, పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, తెరిచి వరుసకు ఒకటి చొప్పున ఇలా రాయండి:

ఇన్‌స్టాల్ ఎస్‌సీటీపీ /బిన్/ఫాల్స్
ఇన్‌స్టాల్ డీసీసీపీ /బిన్/ఫాల్స్
ఇన్‌స్టాల్ ఆర్‌డీఎస్ /బిన్/ఫాల్స్
ఇన్‌స్టాల్ టిప్క్ /బిన్/ఫాల్స్
ఇన్‌స్టాల్ ఎన్_హెచ్‌డీఎల్‌సీ /బిన్/ఫాల్స్

అదే పద్ధతిలో ఏఎక్స్25, నెట్‌రోమ్, రోజ్, క్యాన్, అలాగే క్రామ్‌ఎఫ్‌ఎస్, ఫ్రీవీఎక్స్ఎఫ్ఎస్, హెచ్‌ఎఫ్‌ఎస్, జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 కూడా చేర్చవచ్చు. ఐఓటీ ల్యాబులో క్యాన్ బస్ ప్రయోగాలు ఉంటే క్యాన్‌ను వదిలేయండి.

చాలామంది ఇక్కడ బ్లాక్‌లిస్ట్ అనే మాట రాసి ఊరుకుంటారు. అది ముందు తలుపుకు గొళ్లెం పెట్టి దొడ్డి తలుపు వదిలేయడమే. బ్లాక్‌లిస్ట్ మారుపేరుతో, అంటే ఎలియాస్‌తో వచ్చిన కోరికనే ఆపుతుంది. అసలు పేరుతో అడిగినా, ఇంకో మాడ్యూల్‌కు ఆధారంగా కావలసి వచ్చినా ఎక్కేస్తుంది. ఇన్‌స్టాల్ వరుస మాడ్‌ప్రోబ్ ద్వారా వచ్చే వాటన్నిటినీ ఆపుతుంది. చివర ట్రూ పెట్టవచ్చని కొన్నిచోట్ల చూస్తారు. పెట్టకండి. ట్రూ పెడితే పని జరిగిందని అబద్ధం చెప్పినట్టవుతుంది, తర్వాత తప్పు వెతికేవాడికి దారి దొరకదు. ఫాల్స్ అయితే విఫలమైందని తేటగా చెబుతుంది.

ఆపుతున్నది బూట్ మొదట్లోనే ఎక్కే హార్డ్‌వేర్ డ్రైవర్ అయితే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ల మూట) లోపల కూడా ఆ ఫైల్ ఉండాలి. డెబియన్, ఉబుంటులో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ, ఫెడోరా వైపు డ్రాకట్ -ఎఫ్ నడపండి. మాడ్‌ప్రోబ్‌ను దాటుకుని ఎక్కించేదాన్ని కూడా ఆపాలంటే కెర్నల్ బూట్ వరుసలో మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్= అని రాసి కామాలతో పేర్లు ఇవ్వాలి. పేరులో బ్లాక్‌లిస్ట్ ఉన్నా ఇది నిజంగానే ఆపుతుంది, కెర్నలే ఒప్పుకోదు.

రెండో మెట్టు: కోరిక దారి మూసి, హార్డ్‌వేర్ దారి ఉంచడం

కాలేజీ ల్యాబుకు ఇదే సరిగ్గా సరిపోతుందని మా లెక్క. కొత్త కీబోర్డో పెన్‌డ్రైవో తగిలిస్తే డ్రైవర్ ఎక్కుతుంది, రూట్ కావాలనుకుంటే మాడ్‌ప్రోబ్‌తో చేత్తో ఎక్కించుకోవచ్చు, మామూలు యూజర్ కోరికలు మాత్రం చెల్లవు.

చేయవలసింది కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో కెర్నల్.మాడ్‌ప్రోబ్ విలువను /బిన్/ఫాల్స్‌గా మార్చడం. ఖాళీ విలువ ఇస్తే కెర్నల్ అసలు ఏ ప్రోగ్రామ్‌నూ నడపదు, అదీ మంచిదే. అయితే సిస్‌సీటీఎల్ ఆజ్ఞ ఖాళీ విలువ దగ్గర కొన్నిసార్లు మొరాయిస్తుంది, ఫాల్స్ అయితే ఆ గొడవ లేదు.

దీనికి ముందు, లాగ్‌లో చూసిన వాటిలో నిజంగా కావలసినవి /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డీ/ కింద ఒక .కాన్ఫ్ ఫైల్‌లో వరుసకు ఒక పేరు చొప్పున రాయండి. సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ బూట్‌లోనే వాటిని ఎక్కిస్తుంది. పెన్‌డ్రైవ్ కోసం వీఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ రాసి ఊరుకుంటే చాలదు. వీఫ్యాట్ మౌంట్ అయ్యేటప్పుడు ఎన్‌ఎల్‌ఎస్_సీపీ437, ఎన్‌ఎల్‌ఎస్_ఐఎస్‌ఓ8859_1 లాంటి లిపి పట్టికలు కూడా కోరిక దారిలోనే వస్తాయి, డెబియన్‌లో ఎన్‌ఎల్‌ఎస్_ఆస్కీ. అవి లేకపోతే వీఫ్యాట్ ఎక్కి ఉన్నా మౌంట్ కాదు. జనం గంటలు గంటలు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

ఫైర్‌వాల్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఎన్‌ఎఫ్‌టీ, ఐపీటేబుల్స్ నియమాల్లో ఒక్కో రకానికి ఒక్కో మాడ్యూల్ కావాలి, అవన్నీ కోరిక దారిలోనే వస్తాయి. తాళం ముందు పడి నియమాలు తర్వాత ఎక్కబోతే ఫైర్‌వాల్ విఫలమై మిషన్ బట్టబయలుగా ఉంటుంది. ఫెయిల్‌టూబ్యాన్ (పదేపదే తప్పు లాగిన్ చేసే ఐపీలను అడ్డుకునే ప్రోగ్రామ్) వాడేవాళ్లు గుర్తుంచుకోండి, అది తన నియమాలను మొదటి దొంగను అడ్డుకునే క్షణంలో రాయవచ్చు. కాబట్టి ఒక అబద్ధపు ఐపీని చేత్తో బ్యాన్ చేసి, అప్పుడు ఎల్‌ఎస్‌మాడ్ చూసి ఆ మాడ్యూళ్లను జాబితాలో చేర్చండి. డాకర్ ఉంటే ఓవర్‌లే, బ్రిడ్జ్, బీఆర్_నెట్‌ఫిల్టర్, వెత్ కావాలి. వీపీఎన్ ఉంటే టన్ లేదా వైర్‌గార్డ్.

మూడో మెట్టు: పూర్తి తాళం

కాంటా మిషన్, కౌంటర్ మిషన్, సర్వర్లకు ఇది. కెర్నల్.మాడ్యూల్స్_డిజేబుల్డ్ అనే సిస్‌సీటీఎల్ 2.6.31 నుంచి ఉంది. దాన్ని 1 చేస్తే మళ్లీ రీబూట్ అయ్యేదాకా ఏ మాడ్యూలూ ఎక్కదు, దిగదు, రూట్ అడిగినా సరే. తిరిగి 0 రాయబోతే ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అంటుంది. మాడ్‌ప్రోబ్ చేస్తే ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’.

మొదట చేత్తో ప్రయత్నించండి: సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ కెర్నల్.మాడ్యూల్స్_డిజేబుల్డ్=1. ఏం చెడినా రీబూట్‌తో పోతుంది. అన్ని పనులూ నడిచాకే శాశ్వతం చేయండి.

శాశ్వతం చేసేటప్పుడు చాలామంది ఈ వరుసను /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ/ లో పడేస్తారు. అది బూట్ మొదట్లోనే అమలవుతుంది. అప్పటికి యూడెవ్ ఇంకా పరికరాలను లెక్కపెడుతూ ఉంటుంది. ఫలితం: నెట్‌వర్క్ కార్డు లేదు, సౌండ్ లేదు, ఒక్కోసారి స్క్రీన్ కూడా సరిగా రాదు, అదీ ఒక బూట్‌లో ఒకలా ఇంకో బూట్‌లో ఇంకోలా. టైమర్ వాడటం మేలు.

/ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/ కింద మాడ్‌లాక్.సర్వీస్ అనే ఫైల్‌లో సర్వీస్ విభాగం పెట్టి టైప్=వన్‌షాట్, ఎగ్జెక్‌స్టార్ట్=/ఎస్‌బిన్/సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ కెర్నల్.మాడ్యూల్స్_డిజేబుల్డ్=1 అని రాయండి. పక్కనే మాడ్‌లాక్.టైమర్‌లో టైమర్ విభాగం కింద ఆన్‌బూట్‌సెక్=3మిన్, ఇన్‌స్టాల్ విభాగం కింద వాంటెడ్‌బై=టైమర్స్.టార్గెట్. ఈ ఫైళ్లలో విభాగాల పేర్లకు చదరపు బ్రాకెట్లు ఉండాలి, పదాల పెద్దచిన్న అక్షరాలు సిస్టమ్‌డీ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. చివరగా సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ మాడ్‌లాక్.టైమర్. హార్డ్‌డిస్క్ మీద నెమ్మదిగా బూటయ్యే పాత మిషన్ అయితే మూడు నిమిషాలను ఐదు చేయండి. రెండో మెట్టు తాళానికి కూడా ఇదే టైమర్ పనికొస్తుంది, ఎగ్జెక్‌స్టార్ట్ వరుస ఒక్కటే మారుతుంది.

పూర్తి తాళంలో హార్డ్‌వేర్ దారి కూడా మూసుకుంటుంది కాబట్టి ముందే ఎక్కించవలసినవి పెరుగుతాయి. పెన్‌డ్రైవ్‌కు యూఎస్‌బీ_స్టోరేజ్, యూఏఎస్. వెబ్‌క్యామ్‌కు యూవీసీవీడియో. ఫోన్ నుంచి నెట్‌కు ఆర్ఎన్‌డీఐఎస్_హోస్ట్, సీడీసీ_ఈథర్, సీడీసీ_ఎన్‌సీఎం, ఐఫోన్ అయితే ఐపీహెత్. ప్యారలల్ పోర్టుతో నడిచే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు ఎల్‌పీ, పార్‌పోర్ట్_పీసీ. యూఎస్‌బీ ప్రింటర్‌ను కప్స్ (ప్రింటింగ్ సేవ) సాధారణంగా నేరుగా పలకరిస్తుంది, దానికి ప్రత్యేకంగా ఏమీ అక్కరలేదు.

కాంటా మిషన్ దగ్గర అసలు కిటుకు సీరియల్ కన్వర్టర్. ఇండికేటర్ నుంచి వచ్చే ఆర్‌ఎస్-232 తీగను యూఎస్‌బీకి మార్చే ఆ చిన్న కన్వర్టర్ లోపల ఉండే చిప్ సీహెచ్341 కావచ్చు, పీఎల్2303, ఎఫ్‌టీడీఐ_ఎస్‌ఐఓ, సీపీ210ఎక్స్ ఏదైనా కావచ్చు. కోతల సీజన్‌లో లారీలు వరుసకట్టి ఉన్నప్పుడు అది పాడైతే బజారులో దొరికింది తెచ్చి తగిలిస్తారు, చిప్ ఏదో ఎవరూ చూడరు. అందుకే నాలుగు పేర్లూ జాబితాలో రాసి పెట్టండి. మూడు వాడకపోయినా నష్టం స్వల్పం.

కన్వర్టర్ తగిలించాక పోర్టు కనబడకపోతే కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్ చూడండి. ‘న్యూ యూఎస్‌బీ డివైస్ ఫౌండ్’ అని మాత్రమే ఉండి టీటీవైయూఎస్‌బీ0 మాటే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు, అది తాళం పని. టీటీవైయూఎస్‌బీ0 వచ్చి వెంటనే ‘డిస్‌కనెక్టెడ్’ అని పోతే తాళానిది తప్పు కాదు. ఉబుంటు 22.04లో బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే సేవ సీహెచ్340 చిప్‌ను తనదే అనుకుని లాక్కుంటుంది. బ్రెయిలీ డిస్‌ప్లే వాడని మిషన్‌లో ఆ ప్యాకేజీని తీసేస్తే సరిపోతుంది.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు నడిపే ‘కుడా’ (CUDA) నేర్పే ల్యాబుల్లో ఎన్‌విడియా_యూవీఎం మొదటి ప్రోగ్రామ్ నడిచినప్పుడే ఎక్కుతుంది, కనుక దాన్ని ముందే చేర్చండి. వైఫై పడుకుని లేచాక రావడం లేదని డ్రైవర్ దించి ఎక్కించే అలవాటున్న మిషన్‌కు పూర్తి తాళం నప్పదు.

రూట్ చేతికి చిక్కినవాడు బూట్ ఫైళ్లు మార్చి రీబూట్ చేయగలడు. అంతేకాదు, కెఎగ్జెక్‌తో వేరే కెర్నల్‌ను నేరుగా ఎక్కించగలడు. ఆ రెండోది ఆపడానికి ఇదే సర్వీస్‌లో కెర్నల్.కెఎగ్జెక్_లోడ్_డిజేబుల్డ్=1 అని ఇంకో ఎగ్జెక్‌స్టార్ట్ వరుస చేర్చండి. క్రాష్ డంప్ కోసం కెడంప్ వాడుతుంటే అది తన కెర్నల్‌ను ఎక్కించుకున్న తర్వాతే ఈ వరుస అమలు కావాలి.

ఇరుక్కుంటే

మిషన్ సగం బూటై ఆగితే గ్రబ్ (బూట్ మొదట్లో వచ్చే) మెనూలో ‘e’ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర సిస్టమ్‌డీ.మాస్క్=మాడ్‌లాక్.టైమర్ అని చేర్చి కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ఆ ఒక్క బూట్‌కు తాళం పడదు. గ్రబ్ మెనూ కనబడకుండా దాచిన మిషన్లలో బూట్ అవుతుండగా షిఫ్ట్ లేదా ఎస్కేప్ పట్టుకోవాలి. ఈ ఒక్క పద్ధతిని కాగితం మీద రాసి సీపీయూ పక్కన అంటించండి. రేపు దేవరకొండలోనో గద్వాలలోనో ఆ మిషన్ ఆగితే అక్కడున్న మనిషికి ఫోన్‌లో చెప్పే బాధ తప్పుతుంది.

బీఎస్‌డీల తీరు

బీఎస్‌డీలు లినక్స్ లాంటివే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లు. నెట్‌బీఎస్‌డీలో కెర్న్.మాడ్యూల్.ఆటోలోడ్ అనే స్విచ్ సూటిగా ఉంది, 0 చేస్తే ఆటోలోడ్ ఆగుతుంది. ఫ్రీబీఎస్‌డీలో సెక్యూర్‌లెవెల్ 1కి పెంచితే మాడ్యూళ్లు ఎక్కవు, దిగవు. 12 నుంచి వచ్చిన డెవ్‌మ్యాచ్ హార్డ్‌వేర్ దారి పని చేస్తుంది, దాన్ని ఆర్‌సీ.కాన్ఫ్‌లో ఆపి, కావలసినవి కేఎల్‌డీ_లిస్ట్‌లో రాసుకోవచ్చు. ఓపెన్‌బీఎస్‌డీ 5.7లో మాడ్యూళ్ల ఏర్పాటునే తీసేసింది. అంత తెగింపు ఎంచుకున్న పరికరాలకే పరిమితమయ్యే వ్యవస్థకు చెల్లుతుంది, ఊరి నిండా రకరకాల కన్వర్టర్లున్న చోట కష్టం.

కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు

తాళం వేసిన మిషన్ చెడేది ఎక్కువగా అప్‌డేట్ తర్వాతి రీబూట్‌లోనే. కొత్త కెర్నల్‌లో ఒక మాడ్యూల్ పేరు మారవచ్చు, లోపలే కలిసిపోవచ్చు, డీసీసీపీ లాగా పూర్తిగా పోవచ్చు. రీబూట్‌కు ముందే మాడ్‌ప్రోబ్ -ఎన్ -వీ -ఎస్ (ఈ ఎస్ ఒక్కటి పెద్ద అక్షరం) తర్వాత కొత్త కెర్నల్ వెర్షన్, మాడ్యూల్ పేరు ఇచ్చి జాబితాలోని ఒక్కో పేరునూ సరిచూడండి. -ఎన్ ఉన్నందున ఏదీ నిజంగా ఎక్కదు, దొరకకపోతే మాత్రం చెబుతుంది. బయటి డ్రైవర్లు డీకేఎంఎస్‌తో (కొత్త కెర్నల్‌కు డ్రైవర్‌ను తిరిగి తయారు చేసే ఏర్పాటుతో) వచ్చేవైతే డీకేఎంఎస్ స్టేటస్‌లో కొత్త వెర్షన్‌కు కూడా ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉందో లేదో చూడండి. రీబూట్ అయ్యాక, మూడు నిమిషాల గడువు లోపే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సిస్టమ్‌డీ-మాడ్యూల్స్-లోడ్ కొడితే ఏది ఎక్కలేదో పేరుతో సహా తెలుస్తుంది. అప్పుడే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మాడ్‌లాక్.టైమర్ చేస్తే తాళం పడదు, పేరు సరిదిద్దుకోవడానికి ఇంకో రీబూట్ అక్కరలేదు. ఈ పని మిల్లులో కాంటా మొదలుకాకముందు, ల్యాబులో క్లాసు లేనప్పుడు పెట్టుకోండి.